గుమ్మిలో జుంటీగలు, గడీలో పొరక

మొన్న మా కోడలు అచ్చంపేట నుంచి ఎవరో తెచ్చిచ్చారని ఒక సీసా అడవి తేనె ఇంటికి తెచ్చింది. మూత తీయగానే పొగ వాసన, మైనం వాసన, ఎండలో కాగిన గడ్డి వాసన మూడూ కలిసి వంటగదంతా గుప్పుమన్నాయి. పైన ఒక ఈగ రెక్క తేలుతోంది. "ఛీ, చచ్చిన ఈగ అత్తయ్యా, ఎంత మురికిగా పట్టారో చూడండి" అంటూ ఆమె వడగట్టే గుడ్డ కోసం వెతకసాగింది. వడగట్టుకో తల్లీ, నేనేమైనా వద్దన్నానా? తుట్టెను పిండినవాడి చేతిది ఆ మురికి. ఈగలకు మాత్రం అంటగట్టకు, నాకు ఒళ్ళు మండుతుంది. ఎనభై దాటిన ఈ వయసులో నాకు చాలా సంగతులు గుర్తుండటం లేదు గానీ, జుంటీగలు ఇల్లు ఎలా కడుక్కుంటాయో, ఎలా ఊడ్చుకుంటాయో, ఇంట్లో చచ్చినవాళ్ళను ఎలా సాగనంపుతాయో మాత్రం నిన్న చూసినట్టే చెప్పగలను. మా అవ్వ పక్కన కూర్చుని చూశాను మరి.

మా ఊరు నల్లగొండ జిల్లాలో దేవరకొండకు దిగువన, ఎర్రనేలల మధ్య ఉండేది. వానలు బాగా పడితే జొన్న, ఆముదం, కంది. పడకపోతే పొద్దున అంబలి, రాత్రి మళ్ళీ అంబలే. ఆశ్వయుజం వచ్చేసరికి గుట్టల మీద సీతాఫలాలు కళ్ళు విప్పేవి, తంగేడు పచ్చగా విరగబూసేది, మేం ఆడపిల్లలం గునుగు పూల కోసం చేలగట్లన్నీ తిరిగి, మోకాళ్ళు గీరుకుపోయి, ఒళ్ళో నువ్వుల సత్తుపిండి పొట్లం పెట్టుకుని బతుకమ్మల దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. మధ్యాహ్నాలు అరుగు మీద కచ్చకాయలాట. ఓడిపోయినవాళ్ళ మీద మొట్టికాయలు, గెలిచినవాళ్ళ మీద శాపనార్థాలు, మధ్యలో ఎవరో ఒకరి ఏడుపు. నేను ఏడ్చినదాని కంటే ఏడిపించిందే ఎక్కువ, ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంట్లో నలుగురం. మా నాయిన, అమ్మ, నేను, నాయిన తల్లి అయిన మా అవ్వ. అవ్వ పేరు ఎల్లమ్మ. మనిషి సన్నగా, పొడుగ్గా, నడుము దగ్గర కొంచెం వంగి ఉండేది. ఆ వంపు వయసుతో వచ్చింది కాదు, గడీ ఊడ్చి ఊడ్చి వచ్చింది. గడీ అంటే మా ఊరి దొర ఉండే కోటలాంటి ఇల్లు. దాన్ని ఊడ్చి సాన్పి, అంటే పేడనీళ్ళు, చల్లే పని ఊళ్ళో ఆడవాళ్ళకు వంతులు వేసి చేయించేవారు. కూలి లేదు, గింజ లేదు, అది వెట్టి. వంతు అన్నది పేరుకే. గట్టిగా నోరు విప్పలేని ఇళ్ళకే ఆ వంతు తిరిగి తిరిగి వచ్చేది, మా ఇల్లు అలాంటిది. దొర నిద్ర లేచేలోపు పెద్దవాకిలి, మనుషులు కూర్చునే లోపలి హజారం, గుర్రాల కొట్టం ముందరి జాగా అన్నీ అద్దంలా చేయాలి. చేశాక దొరసాని వచ్చి అరుగు మీద కూర్చుని, నోట్లో పాను నములుతూ, అప్పుడే ఊడ్చినచోట తుపుక్కున ఉమ్మేది. అవ్వ మళ్ళీ వంగి ఊడ్చేది.

ఇందులో అవ్వను కోసింది ఆ ఉమ్ము కాదు. అక్కడ పని ముగించుకుని ఆమె ఇంటికి వచ్చేసరికి పొద్దు బారెడెక్కేది. మా వైపు పొద్దు పొడిచేసరికి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పడకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. అమ్మ గడ్డి కోతకో కలుపుకో చీకటితోనే వెళ్ళిపోయేది. నేను ఊడుస్తానన్నా అవ్వ ఒప్పేది కాదు, పొరక లాక్కుని మూలకు విసిరేది. "నా పెయ్యికి పట్టిన దయ్యం నీకు పట్టొద్దు పోరీ" అనేది. అందుకే ఊరంతటిలో పొద్దెక్కేదాకా ముగ్గు లేని వాకిలి మాదొక్కటే. దారిన పోయేవాళ్ళు చూపు తిప్పుకుని పోతుంటే అవ్వ తలుపు చాటుకు వెళ్ళి నిలబడేది.

అలాంటి రోజుల్లో సంఘం వచ్చింది. సంఘం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. గొంగళ్ళు కప్పుకున్న మనుషులు వచ్చి రచ్చకట్ట దగ్గర కూర్చోవడం, నాయిన వాళ్ళతో మాట్లాడి రావడం, వచ్చాక అమ్మతో గుసగుసలు, అంతవరకే. ఒకరోజు దొర కుటుంబం సామాను కచ్చరం బండ్లకెత్తించుకుని పట్నం వెళ్ళిపోయింది. ఊళ్ళో వెట్టి బందు అన్నారు. అవ్వ నమ్మలేదు. మర్నాడు అలవాటుగా చీకటితోనే లేచి, పొరక చేత పట్టుకుని వీధి దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయి, వెనక్కు తిరిగి వచ్చి మా వాకిలి ఊడ్చింది. పొద్దు పొడిచేసరికి ముగ్గు వేసింది. వేశాక దాని ముందు గొంతుకూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. ఆ ముగ్గు అంత గొప్పగా ఏమీ లేదు, వంకరటింకరగా ఉంది. నేనామాట అనబోతే అమ్మ నా నోరు మూసింది.

ఇక అప్పటి నుంచి అవ్వకు పొద్దున్న కాసేపు తీరిక దొరికింది. పుట్టి బుద్ధెరిగాక దొరికిన మొదటి తీరిక. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, వసారాలో ఉన్న గుమ్మి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

గుమ్మి అంటే ఈ కాలపు పిల్లలకు చెప్పాలి. కంపతో బుట్టలా అల్లి, లోపలా బయటా పేడమట్టి మెత్తి, గింజలు పోసుకునే నిలువెత్తు గాదె. అడుగున చెయ్యి పట్టేంత రంధ్రం ఉంటుంది, దానికి గుడ్డ కుక్కి పెట్టుకుని, కావలసినప్పుడు తీసి గింజలు దింపుకుంటారు. నిజాం సర్కారు లెవీ అని గింజలన్నీ కొలుచుకుని పోయాక మా గుమ్మి బోలుగా మిగిలింది. కుక్కిన గుడ్డ ఎప్పుడో ఊడిపోయింది. ఆ రంధ్రంలోంచి జుంటీగలు వెళ్ళి లోపల కాపురం పెట్టాయి. గింజలుండాల్సిన చోట ఈగలా అని నాయిన పొగబెట్టబోతే అవ్వ అడ్డం పడింది. "ఉండనియ్యి కొడుకా, ఏదో ఒకటి ఉంటే ఇంటికి కళ" అంది.

గుమ్మి మెడ దగ్గర ఎలుక కొట్టిన కన్నం ఒకటుండేది. పొద్దుటి ఎండ ఏటవాలుగా అందులోంచి దూరి లోపలి తుట్టెల అంచుల మీద పడేది. అవ్వ ఒక కన్ను మూసి అందులోంచి చూసేది, చూసినదాన్ని నాకు చెప్పేది, ఆ తర్వాత నేను పీట ఎక్కి చూసేదాన్ని. అబ్బా, ఏం చెప్పను! వేలకు వేల ఈగలు ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయి, అయినా ఒక్క రవ్వ మురికి లేదు. అంత కిక్కిరిసిన ఇంట్లో కుళ్ళు వాసన రాదు, పులిసిన వాసన రాదు, వేడి మైనం వాసన, పూల వాసన తప్ప. ఆ కన్నం దగ్గర ముక్కు పెట్టి ఆ గాలి పీలుస్తుంటే నాకు ఆకలి వేసేది.

ముందు అవ్వ కనిపెట్టింది పీనుగల సంగతి. చచ్చిన ఈగను మరో ఈగ రెక్క పట్టుకునో కాలు పట్టుకునో ఈడ్చుకొచ్చి, రంధ్రం అంచు దాకా తెచ్చి, ఎత్తుకుని ఎగిరేది. తన ఒంటితో సమానమైన బరువు మరి, ఇద్దరూ కలిసి నేలమీద పడేవాళ్ళు, అది మళ్ళీ లేచి మళ్ళీ ఎత్తుకునేది. గడప ముందే పడేసి చేతులు దులుపుకుంటే పోయేదానికి, అలా చేయదు. వాకిలి దాటి, కంచె దాటి, కనుచూపు ఆనేంత దూరం పోయి వదిలి వచ్చేది. ముసలి ఈగలైతే ఇంకా చిత్రం. రెక్కల అంచులు చిరిగినవి, ఒళ్ళు నున్నబడినవి, తమంతట తామే నడుచుకుంటూ బయటికి వచ్చి, ఎగరలేక గడ్డిలో పాక్కుంటూ వెళ్ళిపోయేవి. ఇంట్లో చావకూడదని, ఎవరికీ మోత కాకూడదని. అది చూసిన రోజు అవ్వ బువ్వ తినలేదు.

ముసురు పట్టిన రోజుల్లో ఒక్క ఈగా బయటికి రాదు. దొడ్డికి ఎక్కడికి పోతాయని నేను అడిగాను, పిల్లలకు అంతకంటే పెద్ద ప్రశ్న ఏముంటుంది? అవ్వ కూడా అదే ఆలోచిస్తోందట. వాన వెలిసి ఎండ కాసిన పూట గుంపులు గుంపులుగా బయటికొచ్చి గాల్లో తిరిగాయి. తీగ మీద ఆరేసిన నాయిన తెల్ల ధోవతి నిండా పసుపు చుక్కలు! ఇన్ని రోజులు బిగబట్టుకున్నాయి గానీ ఇంట్లో మాత్రం కూర్చోలేదు. నాయిన ధోవతి పట్టుకుని తిడుతుంటే అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "తిట్టకు నాయినా, గంత ఓపిక మనిషికున్నదారా!" అంది. ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆమెకు అసలు తెలియాల్సింది వేరే ఉంది. ఇంత చోటులో ఊడ్చే వంతు ఎవరిది? ఎవరో ఒకరిని పట్టి పెట్టే ఉంటారని ఆమె గట్టి నమ్మకం. ఊడ్చేవాళ్ళు వేరు, తినేవాళ్ళు వేరు అన్నదే ఆమె చూసిన లోకం. అందుకని వేప బంకలో పసుపు కలిపి, గడ్డిపోచ చివరతో, పీనుగను మోసుకొచ్చిన ఒక ఈగ వీపు మీద చుక్క పెట్టింది. అది లోపలికి వెళ్ళగానే తోటివి చుట్టూ చేరి ఆ చుక్కను గోకి, నాకి, పీకి తీయబోయాయట, వీపు మీద మురికి అంటిందని. అవ్వ కన్నంలోంచి చూస్తూ "అయ్యో అయ్యో, కడుగుతున్నయే!" అని కేక పెట్టింది. బంక గట్టిది కాబట్టి చుక్క కొంచెం మిగిలింది. కొన్నాళ్ళకు ఆ చుక్క ఈగే కాళ్ళకు తంగేడు పుప్పొడి ముద్దలు తగిలించుకుని దర్జాగా పూలతోటల నుంచి వచ్చి దిగింది. నిన్న పీనుగలు మోసింది ఇవాళ తిండి తెస్తోంది. అప్పుడే పుట్టిన, బూజు రంగు నూగుతో ఉన్న లేత ఈగలేమో, బయటికి వస్తూనే తిరిగి తాము పుట్టిన అరలోకే తల దూర్చి దాన్ని తుడిచేవి. పుట్టగానే మొదటి పని తన జాగా తాను కడుక్కోవడం.

"దొరసాని ఈగ గూడ ఉన్నదే బిడ్డా, పొడుగ్గ ఉన్నది, సుట్టూ మంది తిరుగుతున్నరు" అంది అవ్వ ఒకరోజు కన్నంలోంచి చూసి.

"అది ఊడుస్తదా అవ్వా?"

"అదేడ ఊడుస్తది! కాని ఊడ్సినకాడ ఉమ్మదు."

ఆ దసరాకు అవ్వ ఒక పొరపాటు చేసింది. మా ఇళ్ళలో పుట్టి పెరిగిన ఆడదే చేయగల పొరపాటు అది. పండగకు ఇల్లంతా అలికింది, గోడలకు ఎర్రటి జాజు పూసింది, అరుగు అంచులకు సున్నం గీతలు గీసింది. గుమ్మి పైభాగం కూడా పేడమట్టితో నున్నగా మెత్తింది. అంతటితో ఆగొచ్చు కదా. పండగపూట ఈగల ఇల్లొక్కటే అలుకు లేకుండా ఉందని ఆమె మనసు ఒప్పలేదు. చిక్కటి పేడనీళ్ళు చేతిలోకి తీసుకుని, అడుగు రంధ్రంలోంచి మోచెయ్యి దాకా దూర్చి, లోపలి నేలంతా శుభ్రంగా అలికేసింది! ఈగలు ఊరుకుంటాయా? చెయ్యి బయటికి తీసేసరికి అది చెయ్యిలా లేదు, బూరెలా పొంగింది. అమ్మ ఉల్లిగడ్డ కోసి రుద్దుతూ తిట్టిన తిట్లకు లెక్కలేదు. మేం బతుకమ్మ ఆడి వచ్చినా అవ్వ మూలుగుతూనే ఉంది.

ఆ మర్నాటి నుంచి ఈగలు పని మొదలుపెట్టాయి. ఎండిన పేడ పెళ్ళను గోకి, పొడిపొడిగా చేసి, ఒక్కొక్క రవ్వ నోట కరుచుకుని బయటికి తెచ్చి పారేశాయి. పూలు విరగబూసిన కాలంలో, తేనె తెచ్చుకోవాల్సిన కాలంలో, కొన్ని ఈగలు అదే పనిగా మా అవ్వ అలుకును ఎత్తిపోశాయి. అవి పారేసిన పొడి అవ్వ వేసిన ముగ్గు మీదే పడుతుంటే నాకు కోపం వచ్చింది. అవ్వ మాత్రం ఉబ్బిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఆశ్చర్యంగా చూస్తూ కూర్చుంది. "నేను మంచికే చేసిన గదా... అయినా వద్దంటున్నయ్. పరాయి చెయ్యి అక్కర్లేదంటున్నయ్" అని తనలో తాను అనుకుంది.

తర్వాత రజాకార్ల రోజులు వచ్చాయి. వాళ్ళు గుమ్మిలో చెయ్యి పెట్టి ఈగలతో కుట్టించుకుని పారిపోయారని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, అట్లా జరగలేదు. ఒకడు గుమ్మిని తుపాకీ మడమతో తట్టి చూసి, బోలుగా మోగితే ఉమ్మేసి వెళ్ళిపోయాడు. పక్క వాడకట్టులో ఇళ్ళు కాలాయి. మేం గుట్టల్లో తలదాచుకుని, తిరిగొచ్చి, మళ్ళీ పారిపోయి, ఆ ఏడాదంతా అలాగే గడిపాం. చివరికి యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడన్నారు, ఊళ్ళో వాళ్ళు కొబ్బరికాయలు కొట్టారు. ఆ సైన్యం బండ్ల వెనకే దొర మోటారు కూడా వచ్చి గడీ ముందు ఆగింది. దాన్ని చూసిన అవ్వ ముఖం నాకు ఇంకా గుర్తుంది. ప్రాణభయానికి గుట్టలెక్కినప్పుడు కూడా ఆమె ముఖం అంత పాలిపోలేదు.

గడీ కబుర్లు మోసే సుంకరి ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. "ఎల్లమ్మా, గడీ అంత గబ్బిలాల పెంటతోని నిండింది. రేపు పొద్దుగాల్ల వచ్చి ఊడ్వమన్నడు దొర. రాకుంటే, నీ కొడుకు సంఘపోడని మిల్ట్రీ క్యాంపుల చెప్పుడు ఎంతసేపు చెప్పు? నా మాట విను, జర సోంచాయించుకో" అన్నాడు. చెడ్డవాడేం కాదు, అంటూ అంటూ తల దించుకున్నాడు.

రజాకార్లను తరిమిన ఆ సైన్యమే ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో సంఘం వాళ్ళను ఏరి పట్టుకుపోతోంది. అతను వెళ్ళాక ఇంట్లో ఎవరూ దీపం కూడా పెట్టలేదు. నాయిన అన్నాడు, "అమ్మా, నువ్వు పోకు. నాకేమైతదో గది కానియ్యి." అమ్మ అవ్వ కాళ్ళ మీద పడింది. "అత్తమ్మా, నీ కాల్మొక్త, పోయిరా. ఒక్క పొద్దే గదా. మనిషిని కొట్టి సంపుతరు అత్తమ్మా" అని ఏడ్చింది. అమ్మను నేను తప్పు పట్టను. ఆమె మొగుడు ఆమెకు కావాలి.

అవ్వ అమ్మను లేపి, కొంగుతో ముఖం తుడిచింది. "ఒక్క పొద్దే గదా అని మా అత్త గూడ అన్నది కోడలా. నేను పెండ్లై వచ్చిన మర్నాడు" అంది.

మర్నాడు పొద్దున ఆమె మా వాకిలి ఊడ్చింది. సాన్పి చల్లింది. ముగ్గు వేసింది, ఎప్పటికంటే పెద్దది, వీధి సగం దాకా. వేసి అరుగు మీద కూర్చుంది. పొద్దెక్కింది. మిలిటరీ జీపు ఆ ముగ్గు మీదే వచ్చి ఆగింది. నాయినను ఎక్కించుకుని పోయింది. ఎక్కేముందు ఆయన వెనక్కు తిరిగి అవ్వనే చూశాడు, అమ్మను కాదు. గడీని తర్వాత ఎవరో ఊడ్చారు. ఎవరి పిల్లలు వాళ్ళకు ముద్దు, వెళ్ళినవాళ్ళను నేనేమీ అనను.

ఆ తర్వాత అమ్మ అవ్వతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, మాట మాత్రం లేదు. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళు మాట లేకుండా ఎండాకాలాలు దాటించారు. మధ్యలో నాలుక కాస్త ఎక్కువున్న నేను, "అవ్వా, అమ్మ రొట్టె తినమంటున్నది", "అమ్మా, అవ్వ తిన్నదట" అని అటూ ఇటూ మాటలు మోసేదాన్ని. అవ్వ గుమ్మి దగ్గర కూర్చునేది గానీ ఇప్పుడు కన్నంలోంచి చూసేది కాదు. ఒకసారి నన్ను అడిగింది, "నేను తప్పు చేసిన్నా బిడ్డా?" ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. నీళ్ళు ఎండిన ఒక వేసవిలో జుంటీగలు కూడా గుమ్మి వదిలి లేచిపోయాయి. రంధ్రంలో చెయ్యి పెట్టి చూస్తే ఒక్క పీనుగ లేదు, ఒక్క పురుగు లేదు, మా అవ్వ అలికిన పేడ రవ్వ ఒక్కటి లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కూడా అంత శుభ్రంగా ఖాళీ చేశాయి.

నాయిన ఎప్పుడు వచ్చాడంటే, మేం ఆశ వదులుకున్నాక వచ్చాడు. ఎముకల గూడులా, జుట్టు తెల్లబడి, ముందు పళ్ళు రెండు లేకుండా వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ చేటలో జొన్నలు అక్కడే వదిలేసి పరుగెత్తింది. అవ్వ మాత్రం అరుగు మీదనుంచి లేవలేదు. కొడుకు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటే అతని తల నిమిరింది. కొట్టారా అని అడగలేదు, ఏం పెట్టారని అడగలేదు.

"జైల్ల ఊడ్సుడు ఎవరు ఊడుస్తుండ్రి కొడుకా?" అంది.

నాయిన ఆ పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మేమే అమ్మా. వంతులేసుకొని ఊడ్సుకున్నం. సదువుకున్న పటేళ్ళ పిలగాండ్లు, నేను, మాదిగ మల్లయ్య, అందరం. ఎవ్వని వంతు ఎవ్వడు తప్పించుకోలే."

అవ్వ అప్పుడు ఏడ్చింది. ఎన్ని రోజుల ఏడుపో అది, ఆపితే ఆగలేదు. ఆ సాయంత్రం అమ్మ కాగు నిండా నీళ్ళు కాచి, అవ్వకు తానే తల రుద్ది స్నానం చేయించి, ఆముదం రాసి, చిక్కు తీసి జడ వేసింది. నా చేత మాటలు మోయించకుండా తానే, "అత్తమ్మా, తల జర ఇటు తిప్పు" అంది.

నాయినకు జైల్లో అబ్బిన ఆ అలవాటు ఆయన పోయేదాకా పోలేదు. పొద్దున్నే లేచి తానే వాకిలి ఊడ్చేవాడు. మగవాడు పొరక పట్టాడని ఊరు ఊరంతా నవ్వింది, చుట్టాలు వచ్చి చెవిలో చెప్పారు, ఆయన చెవిన పెట్టలేదు. ఆయన ఊడుస్తుంటే మా అవ్వ అరుగు మీద కాళ్ళు బార్లా చాపుకుని, దొరసానిలా కూర్చుని చూసేది. ఉమ్మేది మాత్రం కాదు.

ఇప్పుడు ఆ గడీ లేదు. గోడలు కూలాక రాళ్ళు ఎవరికి కావలసినవి వాళ్ళు పశువుల కొట్టాలకు పట్టుకుపోయారట. గుమ్మి అల్లేవాళ్ళు లేరు, గింజలు సంచుల్లోకి వెళ్ళాయి. పత్తిచేలకు కొట్టే మందులకు జుంటీగలు కూడా మా ఊరి వైపు రావడం మానేశాయని చెబుతారు. అవ్వ పోయింది, అమ్మ పోయింది, నాయిన పోయాడు. హైదరాబాదులో ఈ అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, నేను మాత్రం మిగిలాను.

నిన్న మధ్యాహ్నం చేతిలోంచి జారి నేలంతా అటుకులు ఒలికాయి. సోఫాలో పడుకున్న మనవడిని చీపురు ఎక్కడుంటుందిరా అని అడిగాను. ఇంజనీరింగు చదువుతున్నాడు, మంచి పిల్లవాడే. ఫోన్లోంచి తల ఎత్తకుండా, "తెల్వదు నానమ్మా, పని ఆంటీ రేపు వస్తది కదా, ఉండనీ" అన్నాడు.

లేచి నేనే వెతుక్కున్నాను.